ఎండీఆర్ టీబీకి ఆరు నెలల కొత్త మందులంట, మా అన్నయ్య మీద ప్రయోగం చేస్తున్నారా? తెలిసినవాళ్ళు చెప్పండి

చీమకుర్తి_చెల్లి:

నమస్తే అందరికీ. టీబీ మందులు వాడి తగ్గినవాళ్ళు, నర్సులు, డాక్టర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, వారం నుంచి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

మా అన్నయ్యకి 34. చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్‌లో పదకొండేళ్ళ నుంచి చేస్తున్నాడు. సంక్రాంతికి ముందే దగ్గు మొదలైంది, అక్కడ పనిచేసేవాళ్ళందరికీ దగ్గు ఉంటుంది కదా దుమ్ము వల్లేలే అనుకున్నాం. ఊళ్ళో ప్రైవేటు డాక్టర్ దగ్గర రెండు నెలలు తిరిగాం, సిరప్పులు, మూడుసార్లు యాంటీబయోటిక్ కోర్సు, వేసుకున్న నాల్రోజులు తగ్గినట్టే ఉంటుంది మళ్ళీ మామూలే. 58 కేజీల మనిషి 43కి వచ్చాడు. ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటూ దగ్గితే రక్తం పడింది, వదిన ఏడుస్తూ ఫోన్ చేస్తే నేను వెళ్ళి ఒంగోలు తీసుకెళ్ళా. అక్కడ తెమడ తీసుకుని సీబీనాట్ అనే పరీక్ష చేసి టీబీనే, కానీ రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకి లొంగని రకం అన్నారు, మందులకి మొండికేసిన ఎండీఆర్ టీబీ కిందే చూస్తారంట.

ఇప్పుడు నాలుగు మందులు మొదలుపెట్టారు, బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్. 26 వారాలు వాడితే చాలంట. ఇంజక్షన్ లేదంట. ఇక్కడే మా అమ్మకి అనుమానం. మా చిన్నాన్నకి 2012లో ఇదే జబ్బు వస్తే రెండేళ్ళ కోర్సు అన్నారు, నెలల తరబడి రోజూ ఇంజక్షన్, గుప్పెడు మాత్రలు, అయినా ఆయన మాకు దక్కలేదు. అంత చేసినా తగ్గనిది ఆరు నెలల్లో నాలుగు మాత్రలకి ఎలా తగ్గుద్ది, మనం లేనోళ్ళం కాబట్టి కొత్త మందులు మన పిల్లోడి మీద పరీక్ష చేసి చూస్తున్నారు అంటోంది. పైగా మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ఈసీజీ తీశారు, రెండు వారాల తర్వాత మళ్ళీ తీస్తారంట. ఊపిరితిత్తుల జబ్బుకి గుండె పరీక్ష ఎందుకు? నాకూ సమాధానం తెలీక అమ్మకి ఏం చెప్పలేకపోతున్నా.

ఇంకోటి, ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది. అన్నయ్య మంచం వరండాలో వేశాం. పాప నాన్నా అని గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోతోంది, చూడలేకపోతున్నాం.

కరీంనగర్_అన్న:

చెల్లె, ముందుగాల నువ్వు ధైర్యంగ ఉండు. నాకు 2013ల ఎండీఆర్ వచ్చింది, ఇయ్యాల నీకు రాస్తున్న అంటె బతికి బాగున్నట్టే కద. అప్పుడు నాకు 26 ఏండ్లు, కానిస్టేబుల్ సెలక్షన్లని రోజు పొద్దుగాల గ్రౌండ్‌ల ఉరుకుతుండె. మీ చిన్నాయనకు ఇచ్చిన కోర్సే నాకు ఇచ్చిన్రు, రెండేండ్లు. అండ్ల ముందు ఏడు నెల్లు కనామైసిన్ సూది, ఆదివారం తప్ప రోజు. పిర్రలు రెండు రాయి లెక్క గట్టిపడ్డయ్, సిస్టర్ ఎక్కడ పొడవాల్నో ఏలుతోని ఒత్తి ఒత్తి చూసి పొడుస్తుండె.

ఆరో నెలల ఒకనాడు పొద్దుగాల లేస్తె చెవులల్ల కుయ్‌మని ఒకటే మోత, ఎన్కట మా ఇంట్ల రేడియో స్టేషన్ దొరకనప్పుడు చేసిన సప్పుడు లెక్క. పోతదనుకున్న. పోలే, ఇయ్యాల్టికి పోలే. మొగోళ్ళు గట్టిగ మాట్లాడితె వినవడ్తది గని సన్న గొంతు వినవడది, ఫోన్ రింగ్ వినవడది, పిట్టల సప్పుడు విని పదేండ్లు దాటింది. నా బిడ్డ వెన్క నుంచి నాయినా అని పిలిస్తె నాకు తెల్వది, ఉరికొచ్చి అంగి గుంజుతది. పోలీస్ నౌకరి ఆశ గూడ గక్కడ్నే వాయె.

గందుకే చెప్తున్న, మీ అమ్మకు చదివి వినిపియ్యి. ఇంజక్షన్ లేదు అని ఆమె బాధపడుతుంది గద, నేను ఆ మాట విని సంతోషపడ్డ. సంతకం గురించి గూడ చెప్త. నా సూదికి ఎవ్వలు సంతకం అడగలే, చెవులు పోవచ్చని ముందుగాల ఎవ్వలు ఒక్క ముక్క చెప్పలే. చెప్పి, అడిగి సంతకం తీసుకున్నరంటె అది మంచికే అనుకో.

ఇంకొక ముచ్చట. ఈ బెడాక్విలిన్ మందు మీద పేటెంట్ ఇంకొన్నేండ్లు సాగదీద్దామని కంపెనీ మన దేశంల అప్లికేషన్ పెడితె, దాని మీద కొట్లాడినోళ్ళు ఇద్దరు ఆడివిల్లలు. నందితా వెంకటేశన్ అని ముంబైల ఉండే అమ్మాయి, ఫుమెజా టిసిలే అని దక్షిణాఫ్రికా అమ్మాయి. ఇద్దరికి టీబీ వచ్చింది, ఇద్దరికి నా లెక్కనే మందుల తోని చెవులు పోయినయ్. 2019ల కేసు ఏసిన్రు, 2023 మార్చిల మన పేటెంట్ ఆఫీసు కంపెనీ అప్లికేషన్ కొట్టేసింది, గా జులైల అసలు పేటెంట్ గడువు అయిపోయింది, గప్పటి సంది మన కంపెనీలు గూడ తయారు చెయ్యొచ్చు. మీ అన్న మింగుతున్న గోలి ఎన్క ఇంత కొట్లాట ఉంది చెల్లె. ఒక్క పూట గూడ ఇడిచిపెట్టనియ్యకు.

శోధన_హైదరాబాద్:

నేను డాక్టర్ని కాదు, క్లినికల్ ట్రయల్స్, అంటే మనుషుల మీద చేసే మందుల ప్రయోగాల డేటా చూసే పనిలో పన్నెండేళ్ళుగా ఉన్నా. అమ్మగారి అనుమానం తప్పేమీ కాదండీ, మన దగ్గర పేదవాళ్ళ మీద చెప్పకుండా ట్రయల్స్ చేసిన సందర్భాలు ఉన్నాయి కాబట్టే ఆ భయం పుట్టింది. కానీ ఇది ట్రయల్ కాదు. ఇదే కోర్సుని డబ్ల్యూహెచ్‌ఓ 2022లో సిఫారసు చేసింది, మన కేంద్ర ఆరోగ్య శాఖ 2024 సెప్టెంబర్‌లో ఆమోదించింది, బీపాల్‌ఎమ్ అంటారు, నాలుగు మందుల పేర్లలోంచి అక్షరాలు తీసి పెట్టిన పేరు. నిజంగా ట్రయల్ అయితే వేరే ఉంటుంది, మీకు అర్థమయ్యే భాషలో పేజీలకి పేజీలు సమాచార పత్రం ఇవ్వాలి, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ అందులో ఉండాలి, ఎప్పుడైనా మానుకునే హక్కు ఉంటుంది, మన దేశంలో 2009 నుంచి ప్రతి ట్రయల్‌నీ సీటీఆర్‌ఐ అనే రిజిస్టర్‌లో ముందే నమోదు చెయ్యాలి, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. మీ దగ్గర తీసుకున్నది వైద్యానికి ఒప్పుకుంటున్నాం అనే సంతకం అయ్యుంటుంది, ఎందుకైనా మంచిది ఆ కాగితం కాపీ ఒకటి అడగండి, ఇవ్వాలి.

ప్రయోగాలు జరిగినమాట నిజమే, కానీ మీ అన్నయ్య కంటే ముందు వేరేవాళ్ళ మీద జరిగాయి. అది కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే అమ్మగారి ప్రశ్నకి అసలు జవాబు అక్కడే ఉంది.

2015లో దక్షిణాఫ్రికాలో నిక్స్ టీబీ అని మొదలుపెట్టారు. దాదాపు ఏ మందుకీ లొంగని టీబీ ఉన్నవాళ్ళు, అంటే అప్పటి లెక్కలో ఇంటికెళ్ళి దేవుడికి దణ్ణం పెట్టుకోండి అనే స్థితిలో ఉన్నవాళ్ళు 109 మంది. మీ అన్నయ్య వాడే వాటిలో మాక్సిఫ్లాక్సాసిన్ తప్ప మిగతా మూడే మందులు, ఆరు నెలలు. 98 మందికి తగ్గింది. 2020లో అది పేపర్‌గా వచ్చినప్పుడు మా ఆఫీసులో ఆ టేబుల్ మేం రెండుసార్లు చదివాం, నమ్మబుద్ధి కాలేదు. కానీ అదే టేబుల్ కింద ఇంకో లైన్ ఉంది, 81 శాతం మందికి కాళ్ళ నరాలు దెబ్బతిన్నాయి, తిమ్మిర్లు, మంటలు. సగం మందికి దాకా రక్తకణాలు తగ్గాయి. కారణం లినెజోలిడ్, రోజుకి 1200 మిల్లీగ్రాములు ఇచ్చారు.

అక్కడితో సంబరపడి ఆగిపోకుండా మళ్ళీ జెనిక్స్ అని ఇంకో ట్రయల్ చేశారు, దక్షిణాఫ్రికా, జార్జియా, మాల్డోవా, రష్యాల్లో 181 మంది మీద, లినెజోలిడ్ డోసు తగ్గిస్తే ఏమవుతుందో చూడ్డానికే. రోజుకి 600 చొప్పున 26 వారాలు ఇచ్చిన గ్రూపులో 91 శాతం మందికి తగ్గింది, నరాల సమస్య 24 శాతానికి దిగింది. మీ అన్నయ్య స్ట్రిప్ మీద చూడండి, 600 అనే ఉంటుంది. ఆ 600 అనే అంకె అలా వచ్చింది.

ఇక నాలుగో మందు మాక్సిఫ్లాక్సాసిన్ కలిపి చూసింది టీబీ ప్రాక్టికల్ అనే ట్రయల్, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే వైద్య సేవాసంస్థ వాళ్ళు ఉజ్బెకిస్తాన్, బెలారస్, దక్షిణాఫ్రికాల్లో చేశారు. పాత పద్ధతిలో పొడుగు కోర్సు వాడినవాళ్ళలో 52 శాతం మందికి మంచి ఫలితం వస్తే ఈ నాలుగు మందుల వాళ్ళలో 89 శాతం. తేడా ఎంత స్పష్టంగా కనిపించిందంటే 2021 మార్చిలోనే కొత్తవాళ్ళని చేర్చుకోవడం ఆపేశారు, ఇంకా మనుషుల్ని పాత మందుల గ్రూపులో వెయ్యడం అన్యాయం అని. మన దేశంలో కూడా చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ వాళ్ళు లినెజోలిడ్ డోసు మార్చి మార్చి చూసే ట్రయల్ చేశారు. కాబట్టి అమ్మగారికి చెప్పండి, మీ చిన్నాన్న రోజుల్లో ఉన్న కోర్సుతో దేశంలో దాదాపు సగం మందే బయటపడేవారు, ఆయన దక్కకపోవడంలో ఆయన తప్పు గానీ మీ తప్పు గానీ లేదు, అప్పటికి ఉన్న మందులే అంత.

గుండె సంగతి. బెడాక్విలిన్, మాక్సిఫ్లాక్సాసిన్ రెండూ ఈసీజీలో క్యూటీ అనే గ్యాప్‌ని పొడిగిస్తాయి, అంటే ఒక్కో కొట్టుకోవడం తర్వాత గుండె కరెంటు మళ్ళీ సర్దుకోడానికి పట్టే టైమ్ పెరుగుతుంది. మరీ పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. బెడాక్విలిన్ మొదటి ట్రయల్స్‌లో ఒకదాంట్లో మందు వేసుకున్నవాళ్ళలో 10 మంది చనిపోయారు, డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్ళలో 2. చావులకి గుండెతో సంబంధం తేలలేదు కానీ 2012 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి ఇచ్చినప్పుడు పెద్ద హెచ్చరిక పెట్టి మరీ ఇచ్చారు. తర్వాత దక్షిణాఫ్రికాలో 19 వేల మందికి పైగా పేషెంట్ల రికార్డులు తిరగేసి 2018లో వేసిన పేపర్‌లో బెడాక్విలిన్ వాడినవాళ్ళలో మరణాలు ఎక్కువ కాదు, తక్కువ ఉన్నాయని తేలింది. అయినా ఈసీజీ మానలేదు, మానకూడదు కూడా. అన్నయ్యకి గుండె జబ్బు ఉందని కాదు తీసేది, మందు గుండెని ఇబ్బంది పెట్టకుండా కాపలా కాయడానికి.

సిస్టర్_కృష్ణాజిల్లా:

అమ్మాయ్, నేను టీబీ సెంటర్లో పనిచేస్తున్నా, రోజూ ఈ మందులు ఇచ్చే చేతులే ఇవి. పైన బాబు పెద్ద విషయాలన్నీ బాగా చెప్పాడు, నేను ఇంట్లో చేసుకోవాల్సినవి చెప్తా.

ముందు పాప గురించి. పాపకీ, వదినకీ, మీ అమ్మగారికీ అందరికీ ఎక్స్‌రే, పరీక్షలు చేయించండి, దగ్గు లేకపోయినా సరే, ఆలస్యం చెయ్యొద్దు. ఎండీఆర్ పేషెంట్ ఇంట్లో వాళ్ళకి ముందు జాగ్రత్తగా ఆరు నెలలు లెవోఫ్లాక్సాసిన్ ఇస్తే మంచిదని వియత్నాం, దక్షిణాఫ్రికాల్లో పరిశోధనలు అయ్యాయి, దక్షిణాఫ్రికాది పిల్లల మీదే చేశారు, డబ్ల్యూహెచ్‌ఓ కూడా 2024లో సిఫారసు చేసింది. మీ జిల్లా టీబీ ఆఫీసులో పాప వయసు చెప్పి అడగండి. అన్నయ్య వరండాలో పడుకోవడం మంచిదే, గాలీ వెలుతురూ ముఖ్యం. మాస్క్ ఆయన పెట్టుకోవాలి. కంచం, గ్లాసు వేరు పెట్టక్కర్లేదు, టీబీ కంచం వల్ల రాదు గాలి వల్ల వస్తుంది, ఆ కంచం వేరు పెట్టడం వల్ల మనిషి మనసు చచ్చిపోతుంది తప్ప ఇంకేం లేదు. మందులు పడ్డాక అంటించే గుణం త్వరగానే తగ్గుతుంది, ఎప్పుడు దగ్గరికి తీసుకోవచ్చో సెంటర్లో చెప్తారు.

మాత్రలు ఖాళీ కడుపుతో వద్దు. బెడాక్విలిన్ అన్నం తిన్నాక వేసుకుంటే ఒంట్లోకి రెట్టింపు చేరుతుంది. అన్నం అంటే రెండు బిస్కెట్లూ టీ కాదు, కడుపునిండా. బెడాక్విలిన్ మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి మూడు రోజులే, ఇక్కడ చాలామంది తికమక పడతారు, క్యాలెండర్ మీద సోమ బుధ శుక్ర అని ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టి పెట్టమను వదినని.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తుపెట్టుకో. ఈ మందులకి మొదట్లో వికారం, వాంతులు ఉంటాయి. వెంటనే మనవాళ్ళు మెడికల్ షాపుకి పోయి వాంతుల మాత్ర అడుగుతారు, వాళ్ళు డామ్‌పెరిడోన్ ఇస్తారు, అది కూడా క్యూటీని పెంచేదే. జ్వరమనో గొంతు నొప్పనో అజిత్రోమైసిన్ ఇస్తారు, అదీ అంతే. విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో పొటాషియం తగ్గి గుండెకి ఇంకా ఇబ్బంది. కాబట్టి ఆరు నెలలు షాపులో ఏ మాత్రా అడిగి కొనొద్దు, ఏదొచ్చినా సెంటర్‌కి ఫోన్. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు ఇస్తే అవీ, గ్యాస్ అని తాగే తెల్ల సిరప్పూ మాక్సిఫ్లాక్సాసిన్‌తో కలిపి ఒకే టైమ్‌కి వేసుకోకూడదు, మందుని పట్టేసుకుని ఒంటికి చేరనివ్వవు. జలుబు మాత్రలు, డిప్రెషన్ మాత్రలు లినెజోలిడ్‌తో పడవు.

ఆ ప్రైవేటు డాక్టర్ ఇచ్చిన యాంటీబయోటిక్ చీటీలు ఉంటే పారేయొద్దు, తీసుకెళ్ళి చూపించండి. అందులో లెవోఫ్లాక్సాసిన్ లాంటిది ఉంటే టీబీ పురుగు కొన్నాళ్ళు అణిగినట్టు కనిపించి రోగం ఆలస్యంగా బయటపడుతుంది, పైగా మాక్సిఫ్లాక్సాసిన్‌కి కూడా మొండికేసే అవకాశం ఉంది. దానికి వేరే పరీక్షకి తెమడ పంపే ఉంటారు, ఆ రిపోర్ట్ వచ్చిందా అని అడుగు. మొండికేసిందని తేలితే ఆ ఒక్క మందు తీసేసి మిగతా మూడింటితో నడిపిస్తారు, కంగారు పడొద్దు.

చీమకుర్తి_చెల్లి:

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. కరీంనగర్ అన్నా, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించా. పాప అంగీ లాగేది చదివేసరికి అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఏమీ అనలేదు, రాత్రి తనే అన్నయ్యకి మాత్రలు తీసి ఇచ్చింది.

శోధన గారూ, సంతకం కాగితం కాపీ అడిగితే ఇచ్చారు, మీరు చెప్పినట్టే వైద్యానికి ఒప్పుకోలు కాగితమే, తెలుగులోనే ఉంది, మేమే ఆ రోజు కంగారులో చదవలేదు.

సిస్టర్ గారూ, చీటీల్లో రెండింట్లో లెవోఫ్లాక్సాసిన్ ఉంది. తీసుకెళ్ళి చూపించా. రిపోర్ట్ ఇంకా రావాలి.

ఒక్క డౌట్, అమ్మ పథ్యం పెడుతోంది. గుడ్డు వేడి, పప్పు అరగదు, వేరుశనగలు పైత్యం అని చారు, మజ్జిగ అన్నమే పెడుతోంది. ఇది కరెక్టేనా? నెలకి వెయ్యి రూపాయలు అకౌంట్లో పడతాయన్నారు, దాంతో ఏం కొనాలి?

శోధన_హైదరాబాద్:

పథ్యం వద్దు, వద్దు, వద్దు. దీని మీద మన దేశంలోనే చేసిన గొప్ప పరిశోధన ఉంది, రేషన్స్ ట్రయల్ అంటారు. ఝార్ఖండ్‌లో 2,800 మంది టీబీ పేషెంట్లు, వాళ్ళ ఇళ్ళలో ఉండే పది వేల మందికి పైగా మనుషులు. అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ అనే డాక్టర్ దంపతులు నడిపించారు, 2023లో ఫలితాలు వచ్చాయి. పేషెంట్లకి నెలకి 10 కేజీల బుట్ట, బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, దాంతో పాటు విటమిన్ మాత్రలు. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్ళలో చావు ప్రమాదం 61 శాతం తక్కువ. ఇంట్లో వాళ్ళకి కూడా తిండి ఇచ్చిన చోట కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కొత్త మందూ కాదు, వ్యాక్సినూ కాదు, పప్పూ బియ్యం. అన్నయ్య 43 కేజీలు కాబట్టి 5 శాతం అంటే రెండు కేజీల పైచిలుకు, రెండు నెలల్లో 45 దాటించాలి అని ఒక లెక్క పెట్టుకోండి, అమ్మగారి చేతికి ఆ లెక్క ఇవ్వండి, అమ్మలు లెక్క తప్పరు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలనిపిస్తోంది. 1956లో మద్రాసులో టీబీ పరిశోధన కేంద్రం పెట్టి, ఇరుకు ఇళ్ళలో ఉండే పేదవాళ్ళని రెండు గ్రూపులు చేసి, ఒక గ్రూపుని శానిటోరియంలో, అంటే టీబీ ఆసుపత్రిలో పెట్టి మందులతో పాటు మంచి తిండి, విశ్రాంతి ఇచ్చారు, ఇంకో గ్రూపుకి ఇంటి దగ్గరే మందులు. 1959లో చూస్తే రెండు గ్రూపులూ ఇంచుమించు ఒకలాగే కోలుకున్నాయి, ఇంట్లో ఉన్నవాళ్ళ వల్ల కుటుంబానికి అదనంగా జబ్బు రాలేదు. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానిటోరియాల్లో నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండాల్సిన అవసరం ప్రపంచం మొత్తానికి తప్పింది ఆ మద్రాసు పేదవాళ్ళ పుణ్యమే. మీ అన్నయ్య ఇవాళ సొంత వరండాలో పడుకుని మందులు వేసుకుంటున్నది అందువల్లే. కానీ దాన్ని చూసి తిండి పెద్ద విషయం కాదులే అని చాలామంది అర్థం చేసుకున్నారు, అది పొరపాటు, దాన్ని సరిచెయ్యడానికి ఝార్ఖండ్ దాకా అరవై ఏళ్ళు పట్టింది. వెయ్యి రూపాయలు కూడా 2018లో 500గా మొదలై 2024 నవంబర్ నుంచి వెయ్యి అయింది. గుడ్లు కొనండి.

ఆక్వా_భీమవరం:

నమస్కారమండి, నేను కూడా ఇదే కోర్సులో ఉన్నానండి, నాలుగో నెల నడుస్తోంది. తెమడ రెండో నెలకే నెగిటివ్ వచ్చిందండి, దగ్గు లేదు, బరువు తొమ్మిది కేజీలు పెరిగాను. కానీ పదిహేను రోజుల్నుంచి అరికాళ్ళు మంటలండి. రాత్రి పడుకుంటే నిప్పుల మీద పెట్టినట్టుంటుంది, తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటున్నా. మొన్న చెరువు గట్టు మీద నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు ఎక్కడో జారిపోయిందండి, ఇరవై అడుగులు పోయాక గానీ నాకు తెలీలేదు. మా బావమరిది షుగర్ పేషెంటు, ఆయనకి కాళ్ళ మంటలకి రాసిన అమిట్రిప్టిలిన్ ఉంది, రాత్రికి ఒకటి వేసుకో హాయిగా నిద్ర పడుతుంది అంటున్నాడు. వేసుకోవచ్చాండి? అమెరికాలో ఏదో కొత్త నొప్పి మందు వచ్చిందట, మత్తు కూడా ఎక్కదట, అది మనకి దొరుకుతుందాండి? లినెజోలిడ్ నేనే ఒక పూట మానేద్దామా అని కూడా ఉంది, సెంటర్లో చెప్తే కోర్సు మొత్తం ఆపేస్తారేమోనని చెప్పలేదండి.

సిస్టర్_కృష్ణాజిల్లా:

బాబూ, ఆ మాత్ర వేసుకోవద్దు! ఇది చదివిన వెంటనే బావమరిదికి తిరిగి ఇచ్చేయి. అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ రెండూ షుగర్ కాళ్ళకి మంచి మందులే, కానీ లినెజోలిడ్ ఒంట్లో ఉండగా వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది, చెమటలు, వణుకు, జ్వరం, మతి తప్పడం. అమిట్రిప్టిలిన్ క్యూటీని కూడా పెంచుతుంది, నువ్వు ఇప్పటికే రెండు క్యూటీ మందుల మీద ఉన్నావ్.

రేపు పొద్దున్నే సెంటర్‌కి వెళ్ళి, చెప్పు జారిపోయిన సంగతి నాకు చెప్పినట్టే చెప్పు. మంట కంటే ఆ చెప్పు సంగతే నాకు ఎక్కువ భయం. మేం ఏం చేస్తామంటే, ఒక ట్యూనింగ్ ఫోర్క్ ఉంటుంది, చిన్న ఇనప కవ్వం రెక్కలా, దాన్ని అరచేతి మడమకేసి కొట్టి వణుకుతుండగా కాలి బొటనవేలి ఎముక మీద ఆనిస్తాం, కళ్ళు మూసుకుని వణుకు ఆగిందనిపించినప్పుడు చెప్పమంటాం. మామూలు మనిషికి చాలా సేపు తెలుస్తుంది. కొంతమంది ఆనించీ ఆనించగానే ఆగింది అంటారు, ఫోర్క్ నా వేళ్ళలో ఇంకా వణుకుతూనే ఉంటుంది. అప్పుడు మాకు తెలిసిపోతుంది. కంటి చూపు, రంగుల పుస్తకం కూడా చూపించమను, ఎర్ర రంగు వెలిసినట్టు కనిపిస్తుంటే అదీ లినెజోలిడే, అది అస్సలు ఆలస్యం చెయ్యకూడదు.

కోర్సు ఆపేస్తారని భయపడకు, డాక్టర్ చూసి లినెజోలిడ్ డోసు తగ్గించొచ్చు, కొన్నాళ్ళు ఆపొచ్చు, దానికి పద్ధతి ఉంది. నీ అంతట నువ్వు ఒక పూట మానేస్తే మాత్రం మేం ఏ లెక్కా వెయ్యలేం. చెప్పులకి వెనక పట్టీ ఉన్నవి కొనుక్కో, రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు అద్దంలో చూసుకో, రొయ్యల చెరువు దగ్గర గాజుపెంకు గుచ్చుకున్నా నీకు తెలీదు ఇప్పుడు.

శోధన_హైదరాబాద్:

సిస్టర్ గారు చెప్పాక నేను కొత్తగా చెప్పేది లేదు, మీరు అడిగిన అమెరికా మందు గురించి మాత్రం. అది సుజెట్రిజిన్, 2025 జనవరిలో అక్కడ అనుమతి వచ్చింది, ఆపరేషన్ తర్వాత నొప్పి లాంటి కొద్దిరోజుల నొప్పికి మాత్రమే. దాని వెనకున్న కథ బాగుంటుంది. పాకిస్తాన్‌లో ఒక అబ్బాయి వీధుల్లో నిప్పుల మీద నడుస్తూ చేతుల్లోకి కత్తులు దింపుకునేవాడు, వాడికి పుట్టుకతోనే నొప్పి తెలీదు. అలాంటి కుటుంబాల జన్యువులు పరిశీలించి 2006లో, నొప్పి కబురు మోసే నరాల్లో ఒక సోడియం గేటు వాళ్ళకి పనిచెయ్యట్లేదని కనిపెట్టారు. ఆ గేటుని మందుతో మూద్దామని ఎందరో ప్రయత్నించారు, కుదరలేదు, చివరికి దాని పక్కనున్న ఇంకో గేటుని మూసే మందు ఇది. మెదడులో కాకుండా బయటి నరాల్లోనే పనిచేస్తుంది కాబట్టి మత్తు, అలవాటు పడటం ఉండవంటున్నారు. షుగర్ వాళ్ళ కాళ్ళ మంటలకి ఇంకా ట్రయల్స్ దశలోనే ఉంది. లినెజోలిడ్ మంటలకి అసలు చూడనే లేదు. కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని ఇక్కడ చెప్పాల్సింది చెప్పకుండా ఉండొద్దు.

ఎందుకు మంట అంటే, లినెజోలిడ్ టీబీ పురుగు ప్రొటీన్ తయారుచేసుకునే యంత్రాన్ని ఆపుతుంది. మన కణాల్లో శక్తి పుట్టించే మైటోకాండ్రియాలో కూడా అలాంటి పాతకాలం యంత్రమే ఉంది, పురుగు మీద వేసిన దెబ్బ దానికీ కొంచెం తగులుతుంది. పొడవాటి నరాలకి శక్తి ఎక్కువ కావాలి కాబట్టి అందరికంటే ముందు పాదాలు ఏడుస్తాయి. మీరు ఊహించుకుంటున్నది కాదండీ ఆ మంట, నిజమైనదే, అందుకే చెప్పండి.

కరీంనగర్_అన్న:

భీమవరం అన్న, నాకు చెవుల మోత షురువైన రోజు నేను గూడ చెప్పలే. సూది ఆపితె రోగం తిరగవెడ్తదని భయపడి ఇరవై రోజులు మూసుకొని ఉన్న. ఆ ఇరవై రోజులు ముందుగాల చెప్పినుంటె ఇంత పోకుండెనేమో అని ఇయ్యాల్టికి అనుకుంట. రేపు వొద్దుగాల పో.

ఆక్వా_భీమవరం:

వెళ్ళొచ్చానండి. ఫోర్క్ పెట్టారు, సిస్టర్ గారు చెప్పినట్టే అయింది, నేను ఆగింది అంటే ఆవిడ లేదింకా ఉంది అన్నారు. కళ్ళు బానే ఉన్నాయట. రక్త పరీక్షకి ఇచ్చారు, డాక్టర్ గారు లినెజోలిడ్ సగం చేశారు, పై వారం మళ్ళీ రమ్మన్నారు. కోర్సు ఆపలేదండి. తిట్టారు మాత్రం, పదిహేను రోజులు ఎందుకు చెప్పలేదని.

చీమకుర్తి_చెల్లి:

తొమ్మిది వారాలు అయింది, చెప్తానని చెప్పి ఆలస్యం చేశా క్షమించండి. అన్నయ్య మొదటి ఈసీజీలో క్యూటీ 428, రెండు వారాలకి 451, ఇప్పుడు 449. 500 దాటితే ఆపాలంట, దాటలేదు. మాక్సిఫ్లాక్సాసిన్‌కి మొండికేసిందని రిపోర్ట్ వచ్చింది, ఆ ఒక్కటి తీసేశారు, మూడు మందులతో నడుస్తోంది. మళ్ళీ పాలిషింగ్ పనికి పంపొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు, రాతి దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో టీబీ మళ్ళీ మళ్ళీ వస్తుందంట, ఏం పని చూడాలో ఇంకా తెలీదు.

పాపకి ఎక్స్‌రేలో ఏమీ లేదు, ముందు జాగ్రత్త మందు మొదలుపెట్టారు. నిన్న బరువు చూశారు, 46 కేజీల 200 గ్రాములు. అమ్మ ఆ అంకె క్యాలెండర్ మీద రాసుకుంది, పక్కన ఎర్ర గుండ్రాల్లో సోమ బుధ శుక్ర ఉన్నాయి. తెమడలో పురుగు ఇంకా బతికుందో లేదో పెంచి చూసే కల్చర్ రిపోర్ట్ వచ్చే మంగళవారం. అది నెగిటివ్ వస్తే పాపని ఎత్తుకోవచ్చన్నారు.